నిద్రపోతున్న ఇంట్లో ఫ్రెంచి

తొంభైల చివర్లో ఒక ఏడాది, దసరా సెలవులు ఇచ్చే రోజున, మా కాలేజీ కరస్పాండెంట్ గారు నన్ను తన గదికి పిలిపించి, కూర్చోమని, లేచి వెళ్ళి ఫ్యాను వేగం పెంచారు. ఆయన ఫ్యాను పెంచారంటే ఎదుటివాళ్ళకి చెమట పట్టించే మాటేదో రాబోతోందని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు.

రాజమండ్రిలో అదొక చిన్న ప్రైవేటు జూనియర్ కాలేజీ. మేడ, మేడ మీద మేడ, దాని మీద రేకులు. ఆ రేకుల కింద నేను పదేళ్ళ పైబడి తెలుగు చెబుతున్నాను.

"మేడమ్, మీ తెలుగు సెక్షన్లో ఈ ఏడు ఎంతమంది ఉన్నారండి?"

"రెండు బెంచీలకి సరిపోతారండి."

"వచ్చే ఏడు ఆ రెండు బెంచీలు కూడా ఖాళీ అండి. అడ్మిషన్లకొచ్చే పేరెంట్స్ అందరిదీ ఒకటే మాట. మార్కులెందులో వస్తాయి? మొన్నటిదాకా సంస్కృతం అనేవాళ్ళం. అది పాతబడిపోయిందండి, ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ ఉంది. అందుకని మనం ఫ్రెంచి పెడదాం."

వేల ఏళ్ళ భాషని అంత తేలిగ్గా పాతబెట్టేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన లెక్కలో తప్పు లేదనుకోండి. సంస్కృతం పేపరుకి జవాబులు తెలుగు లిపిలో రాసినా మార్కులు పడతాయి. తెలుగు పేపరుకి తెలుగులో రాస్తే మాత్రం మా బోటి వాళ్ళం ఎర్ర పెన్ను పట్టుకుని తయారవుతాం.

"మంచిదండి. మరి చెప్పేదెవరండి?" అన్నాను.

"మీరేనండి."

"నాకు రాదండి."

"ఎవరికొచ్చు చెప్పండి? జూన్ దాకా టైముంది. ఒక భాష వచ్చినవాళ్ళకి ఇంకో భాష ఎంతసేపండి? ఒకింట్లో కాపురం చేసినావిడ పక్కింట్లో చెయ్యలేదా ఏంటి?"

అనేశాక ఆ పోలిక ఎటు పోయిందో ఆయనకే తెలిసొచ్చి ఫ్యాను వంక చూశారు. తర్వాత సర్దుకుని, జూన్ మొదట్లో తన ముందు ఒక డెమో క్లాసు తీసుకోమన్నారు. బావుంటే ఫ్రెంచి మేడమ్‌ని. బావుండకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు. సొరుగులోంచి అట్ట ఊడిన ఒక పుస్తకమూ రెండు క్యాసెట్లూ తీసి నా ముందు పెట్టారు.

"అలాగేనండి" అన్నాను.

బయటికొచ్చి మెట్లు దిగుతూ, ఇప్పుడు ఏడుపు రావాలి కదా అనుకున్నాను. రాలేదు. పోనీ కోపం? అదీ లేదు. మెట్టు మీద ఆగి కాసేపు చూశాను, బస్సు కోసం చూసినట్టు. ఏదీ రాకపోయేసరికి ఇంటికి వెళ్ళిపోయాను. అప్పటికి కొన్నేళ్ళుగా నా సంగతి అంతే. ఒకే భంగిమలో చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది. కాలైతే విదిలించుకుంటాం. మనిషి మొత్తం తిమ్మిరెక్కితే ఎక్కడ పట్టుకుని విదిలించాలో నాకు తెలియలేదు. కానీ ఆ ఉద్యోగం నాకు కావాలి. అది మాత్రం తెలుసు. ఇంట్లో నేను ఒకరికి భార్యని, ఒకరికి కోడల్ని. కాలేజీలో, రేకుల కిందైనా సరే, ఒక గంట నేను మాట్లాడితే ఎదుటివాళ్ళు వింటారు. అది పోతే నేను మాట్లాడే చోటు ఇంకెక్కడా లేదు.

ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయన పేపరు మిల్లులో మిషను దగ్గర పని. మా అత్తయ్య, లూథరన్ గుడిలో స్త్రీల సమాజానికి పెద్ద దిక్కు. నేను. పిల్లలు లేరు. ఆ విషయం మీద ప్రార్థన చెయ్యడం నేనెప్పుడో మానేశాను. అత్తయ్య మానలేదు.

టైం టేబుల్ గీయడం టీచర్లకి ఒక జబ్బు. ఆ రాత్రే ఒకటి గీశాను. గీశాక తెలిసింది, కాలమ్‌లు గీసినంత మాత్రాన కాలం అందులో కూర్చోదని. పైగా మాది మిల్లు కొంప. వారం వారం షిఫ్టు మారుతుంది. ఒక వారం ఆయన తెల్లారి ఆరింటికి వెళతారు, ఒక వారం మధ్యాహ్నం రెండింటికి, ఒక వారం రాత్రి పదింటికి. మిల్లు సైరన్ ఎప్పుడు కూస్తే అప్పుడు మాకు పొద్దు పొడిచినట్టు. కాబట్టి ఒక టైం టేబుల్ కాదు, మూడు కావాలి.

పొద్దున్న కుదరదు. మునిసిపాలిటీ నీళ్ళు, టిఫిను, ఆయన క్యారేజీ, నడుమ కుటుంబ ప్రార్థన. ఎనిమిదింటికల్లా కాలేజీ. సాయంత్రం ఇంటికి ఎవరో ఒకరు వస్తారు. వచ్చినవాళ్ళు అత్తయ్యతో మాట్లాడతారు, నేను టీ పెడతాను. దీపాలు పెట్టే వేళకి కరెంటు పోతుంది. పొద్దుటి ప్రార్థనని కొంచెం కుదించుకుందామా అని ఒకసారి అడిగి చూశాను.

"కరెంటు వాళ్ళు కోత పెడుతున్నారు, చాలదా? దేవుడి టైములో కూడా కోతేంటమ్మా?" అంది అత్తయ్య.

ఫ్రెంచి అనగానే అందరూ యానాం వెళ్ళమన్నారు. అక్కడ ఆ భాష వచ్చిన ముసలివాళ్ళు ఉంటారట, ఊరికే నేర్పుతారట. నిజమే కావచ్చు. కానీ నాకు సెలవు ఆదివారం ఒక్కటే. ఆదివారమంటే గుడి, చేపల పులుసు, వారానికి సరిపడా ఉతుకులు. ఆ యానాం బస్సు నేను ఎక్కనే లేదు.

చివరికి మిగిలింది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. ఒంటిగంటకి కాలేజీ అయిపోతుంది, రెండింటికల్లా వంటిల్లు సర్దుకుంటాను. ఆ రెండు గంటలు మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారు. రాత్రి షిఫ్టు వారమైతే ఆయన. పొద్దుటి షిఫ్టు వారమైనా ఆయనే, రాగానే అన్నం తిని పడుకుంటారు. మధ్యాహ్నం షిఫ్టు వారమైతే ఆయన ఉండరు కానీ, అత్తయ్య ఏ వారమైనా పడుకుంటుంది. వాళ్ళు పడుకుంటారు కాబట్టే నాకు ఆ టైము. వాళ్ళు పడుకుంటారు కాబట్టే నాకు గొంతు లేదు.

మా ఇంట్లో 'ష్' అనేది శబ్దం కాదు, శాసనం. నేను కాపురానికొచ్చిన మొదటి వారంలోనే అత్తయ్య వేలు పెదాల మీద పెట్టుకుని చెప్పింది, "రాత్రంతా మిషను దగ్గర నిలబడి వస్తాడమ్మా, పగలు నిద్ర చెడకూడదు" అని. అప్పట్నుంచీ పగలు కుక్కర్ పెట్టం, విజిల్ వేస్తుందని. కుళాయి కింద బకెట్లో గుడ్డ వేస్తాం, ధార చప్పుడవకుండా. తలుపు బందులకి కొబ్బరినూనె రాస్తాం. కూరల బండి అతను మా గేటు దగ్గరికి రాగానే అరుపు ఆపి, గేటు దాటాక మళ్ళీ అందుకుంటాడు, అందుకని వంకాయలు అని మా ఎడమవైపు ఇంటికీ, బెండకాయలు అని కుడివైపు ఇంటికీ వినబడేవి. ఇంత నిశ్శబ్దంలోనూ మోగేది ఒకటే, ఆయన కూలరు. డిసెంబరులో కూడా అది గడగడలాడాల్సిందే. ఒంటి వేడి మనిషి అనుకునేదాన్ని.

మొదటి రోజు వంటింట్లో పీట వేసుకుని, అత్తయ్య పాటల క్యాసెట్లు వేసుకునే టేప్‌రికార్డరు గోడవారగా పెట్టి, చిన్నగా "బోంజూర్" అని నమస్కారం చెప్పాను. పక్క గదిలోంచి అత్తయ్య "ష్" అనడం వినబడింది. నాకు తెలిసి ప్రపంచంలో బోంజూర్‌కి వచ్చిన జవాబుల్లో అదొక్కటే ఏకాక్షరి అయివుంటుంది.

ఆ తర్వాత సౌండు బాగా తగ్గించి, స్పీకరుకి చెవి ఆనించి వినేదాన్ని. లోపల ఒకాయన ప్రతి పాఠంలోనూ స్టేషను ఎక్కడని అడుగుతూ ఉంటాడు. "ఊ ఎ లా గార్?" మా ఊళ్ళోనైతే గోదావరి స్టేషనా, పెద్ద స్టేషనా అని ఎదురు అడుగుతారు. అక్కడ తిన్నగా పోయి కుడిపక్కకి తిరగమంటారు. ఎన్నిసార్లు చెప్పినా ఆయన తర్వాతి పాఠంలో మళ్ళీ అడుగుతాడు. ఆయన అడిగింది నేను అనాలి కదా, గొంతు రాకుండా పెదాలతో అనేదాన్ని. భాషేమో చిత్రంగా నాకు నప్పింది. చివరి అక్షరాలు రాస్తారు, పలకరు. కోడళ్ళ మాటల్లాగా, ఉంటాయి కానీ వినబడవు. మనం పుస్తకాల్లోంచి తీసేసిన అరసున్నని వాళ్ళు ఇంకా ముక్కులో దాచుకుని వాడుకుంటున్నారు. అది తెలిసిన రోజు తెలుగు మేడమ్‌గా సంతోషించాల్సింది. గుర్తుపెట్టుకోవాలి అనుకున్నాను, అంతే.

ఇలా క్రిస్మసు వెళ్ళింది. జనవరిలో ఒక మధ్యాహ్నం తలెత్తి చూస్తే అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మంచినీళ్ళకి లేచినట్టుంది. కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏంటత్తయ్యా?" అన్నాను పెదాలతోనే.

"ఏం లేదమ్మా. నువ్వు కానియ్యి" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నాకు అర్థమైంది. నేను కళ్ళు మూసుకుని, తల గోడవారకి వాల్చి, పెదాలు కదుపుతూ కూర్చోవడం చూసి ఆవిడ ప్రార్థన అనుకుంది. దేని గురించి అనుకుందో కూడా నాకు తెలుసు.

"అత్తయ్యా, అది పాఠమండి. కాలేజీ పాఠం. చెప్పాను కదండీ, ఫ్రెంచి అని."

"చదువైతే పైకి చదువుతారు కదమ్మా. మా అబ్బాయి చదువుకునేటప్పుడు వీధి చివరికి వినబడేది. నాకు తెలీదా ఏంటి? చెప్పుకోవాలని లేకపోతే మానెయ్యి. తలుపేసుకుని చేసుకునేదే అసలు ప్రార్థన."

"నిజంగా పాఠమేనండి."

"సరేలేమ్మా, పాఠమే" అని నా చెయ్యి నిమిరింది.

నిజం చెబితే వినయం కింద జమ కట్టేసేవాళ్ళకి ఇంకేం చెబుతాం? ఆ మర్నాటి నుంచీ నా రెండు గంటలకి కాపలా ఏర్పడింది. మధ్యాహ్నం ఎవరు గేటు తీసినా అత్తయ్య నిద్ర మానుకుని ఎదురెళ్ళి, "కోడలు ప్రార్థనలో ఉంది, నాలుగింటికి రండి" అని వెనక్కి పంపేసేది. మూడు టైం టేబుళ్ళు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. గ్యాసు సిలిండరు అతను కూడా నాలుగింటికే వచ్చేవాడు.

కొన్నాళ్ళకి స్త్రీల సమాజం వాళ్ళకి తెలిసింది. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు.

"వందనాలండి. మా పెద్దాడికి ఉద్యోగం లేదని మీకు తెలుసు కదండీ. మీరు మధ్యాహ్నం కూర్చునేటప్పుడు మావాడి గురించి కూడా ఒక్క ముక్క చెప్పండి" అంది పక్కవీధి ఆవిడ.

"నేను చేసేది ప్రార్థన కాదండి, నాకు అంతటిది రాదండి."

"మీ అత్తగారు చెప్పారండి, మీరు ఇలాగే అంటారని."

మార్చిలో వాళ్ళ పెద్దాడికి భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆవిడ బూరెలు చేసి తెచ్చింది. తిన్నాను. బావున్నాయి. నా మూలంగా కాదని మళ్ళీ చెప్పాను. ఇంకో నాలుగు పెట్టింది.

ఎండలు ముదిరాయి. మే నెల చివరికొచ్చేసరికి పుస్తకం రెండుసార్లు అయిపోయింది. డెమో క్లాసు ఇంక వారం రోజులే ఉంది. ఆ రోజు మా ఆయనకి వారపు సెలవు. సాయంత్రం కరెంటు పోతే ముగ్గురం వీధి అరుగు మీద కూర్చున్నాం. విసనకర్ర ఊపుతూ ఆయన అన్నారు, "ఇన్నాళ్ళబట్టీ నేర్చుకుంటున్నావు, ఏదీ, ఒక ముక్క చెప్పు, వింటాం."

సరే అని మొదలుపెట్టాను. స్టేషను ఎక్కడ అన్న వాక్యం. తల ఊపుతూ, చేత్తో చూపిస్తూ మొత్తం చెప్పాను. ఆయన నా వంక చూస్తున్నారు. అయిపోయాక కూడా చూస్తున్నారు.

"చెప్పవేం?"

"చెప్పాను కదండీ."

"గాలొచ్చింది, మాట రాలేదే."

మళ్ళీ అన్నాను. ఈసారి నాకూ తెలిసింది. పెదాలు కదులుతున్నాయి, నాలుక వెళ్ళాల్సిన చోటికి వెళుతోంది, గొంతు మాత్రం రావడం లేదు. తెలుగు వస్తోంది. అందులోంచి ఫ్రెంచిలోకి మారగానే ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగిపోతోంది. ఆ భాషని నేను నోరు లేకుండా నేర్చుకున్నాను. అది నోటికి రానంటోంది. నోరుంటే తల కాస్తుందంటారు. వారం రోజుల్లో నా తలని కాయాల్సిన నోరు అది.

ఆయన నవ్వారు. "నువ్వు మా మిషను దగ్గర పనికొస్తావే. ఆ హోరులో మేమూ అంతే, గొంతెందుకు వేస్టని పెదాలతోనే మాట్లాడుకుంటాం. చూస్తే తెలిసిపోతుంది. నీది తెలుగైతే నాకు తెలిసిపోయేది."

"మీ నిద్ర చెడకూడదని ఇలా అలవాటైపోయిందండి."

"నా నిద్రా?"

"పగలు మీరు పడుకుంటారు కదండీ. చప్పుడైతే లేస్తారని."

ఆయన విసనకర్ర ఆపారు. "నేను లేస్తానని ఎవరు చెప్పారు నీకు? భోజన విరామంలో మిషను పక్కన బల్ల మీద వాలితే నిమిషంలో పట్టేస్తుంది నాకు. ఇంట్లోనే పట్టదు. మరీ చప్పుడు లేకపోతే ఏదో ఆగిపోయిందన్నట్టుంటుంది. అందుకే కదా ఆ డొక్కు కూలరు వేసుకునేది."

"చలికాలం కూడానా?"

"దాన్లో నీళ్ళెప్పుడైనా పోశానా?"

పోయలేదు. నేనెప్పుడూ చూడలేదు.

అత్తయ్య నిటారుగా కూర్చుంది. "అదేంట్రా, చీమ చిటుక్కుమన్నా లేచేవాడివి కదరా!"

"అమ్మా, అప్పుడు నాకు మూడేళ్ళే!"

"మరి ఇన్నేళ్ళూ చెప్పవేంట్రా?"

"మీరిద్దరూ బకెట్లలో గుడ్డలు వేసుకుని అంత కష్టపడుతుంటే ఏమని చెప్పనే? బావుండదని ఊరుకున్నాను."

ఆ మూడేళ్ళ పిల్లాడి నిద్రని మేం ఇంకా జోకొడుతూనే ఉన్నామన్నమాట. పక్కింట్లో ఎవరో కుక్కర్ విజిల్ వేయించారు. ఆయన హాయిగా గోడకి జారబడ్డారు.

మర్నాటి నుంచి ఆయనకి రాత్రి షిఫ్టు. ఆ మర్నాడు పగలు ఆయన నిద్రపోయాక, రెండింటికి, నేను పీట వంటింట్లో కాకుండా ఆయన మంచం పక్కనే వేసుకున్నాను. పుస్తకం తెరిచాను. చాలాసేపు రాలేదు. మొదట దగ్గు వచ్చింది. తర్వాత బొంగురుగా ఒక ముక్క. తర్వాత ఇంకొకటి. "ఊ ఎ లా గార్?" ఆయన కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా అడిగాను. ఆయన గురక పెట్టారు. చెయ్యి చాపి కూలరు కట్టేశాను. గురక ఆగలేదు. స్టేషను ఎక్కడో, మార్కెట్ ఎక్కడో, వాన వస్తుందో రాదో, అన్నీ గది మోగేలా అడిగేశాను. తిమ్మిరెక్కిన కాలు కింద పెట్టినప్పుడు సూదులు గుచ్చుతాయే, అలాంటిదేదో గొంతు దగ్గర కాస్త అనిపించింది. కాస్తే.

తలెత్తితే అత్తయ్య అవతలి మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఇదేనా, రోజూ పెదాలతో అనుకునేది?"

"ఇదేనండి."

"అంతా ఇదేనా?"

"అంతా ఇదేనండత్తయ్యా. చెప్పాను కదండీ."

ఆవిడ కాసేపు పమిట కొంగు మడతలు పెట్టింది, విప్పింది. నేను పుస్తకం వంక చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ముఖం చూడాలనిపించలేదు.

"మరి పక్కవీధి ఆవిడ కొడుక్కి ఉద్యోగం వచ్చిందే?"

"అతనికి పని వచ్చేమోనండి."

"ఊఁ" అంది. ఆ తర్వాత పడుకుంటూ, గోడవైపు తిరిగి, "పోనీలే. నీ వంతు ప్రార్థన కూడా నేను చెప్పుకుంటూనే ఉన్నాను. నువ్వు చదువుకో" అంది.

డెమో క్లాసు రోజు వేసవి పాఠాలకొచ్చిన పిల్లల్ని కొందర్ని రేకుల గదిలో కూర్చోబెట్టారు. కరస్పాండెంట్ గారు చివరి బెంచీలో కూర్చున్నారు. వారమంతా అరిచి అరిచి నా గొంతు గుడి గంటలా ఉంది. "బోంజూర్!" అన్నాను. రేకులు అదిరాయి. పిల్లలు కిసుక్కుమన్నారు. రెండో వాక్యం ఎత్తుకునేలోపు ఆయన చెయ్యి ఎత్తారు.

"మేడమ్, మేడమ్, ఒక్క నిమిషమండి. నోటితో ఎందుకండీ? పరీక్షలో పలకమనరు కదా. టైము వేస్టు. బోర్డు మీద రాసెయ్యండి, వీళ్ళు దింపుకుంటారు."

నేను వెనక్కి తిరిగి రాయడం మొదలుపెట్టాను. బోర్డు నిండింది. తుడిచి మళ్ళీ నింపాను. గదిలో సుద్దముక్క చప్పుడు తప్ప ఇంకేం లేదు, మా ఇల్లు లాగే.

"బావుందండి" అన్నారాయన లేచి. "తెలుగు మేడమ్‌కి ఇంగ్లీషు చేతిరాత ఇంత గుండ్రంగా ఉంటుందనుకోలేదు. కాలేజీ తెరిచిన రోజు నుంచి వచ్చెయ్యండి."

ఉద్యోగం ఉంది. మెట్లు దిగుతూ ఈసారి ఆగలేదు. ఏదైనా వస్తుందేమోనని చూడనూ లేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన అప్పటికే నిద్రలో ఉన్నారు. అత్తయ్య గుమ్మంలోనే అడిగింది.

"ఏమన్నారమ్మా?"

"ఉంచుకుంటారటండి."

"మరి ముఖం అలా ఉందేంటి?"

"ఇది మామూలుదేనండత్తయ్యా."

అన్నం తిని, అంట్లు చప్పుడు చేస్తూనే తోమి, రెండింటికి పీట వేసుకున్నాను. అవసరం లేదని తెలుసు. పిల్లలకి నా నోటితో పని లేదు, బోర్డు మీదికి ఎంత కావాలో అంత నాకు ఎప్పుడో వచ్చు. అయినా పుస్తకం తెరిచి, క్యాసెట్లో ఆయన కంటే గట్టిగా, స్టేషను ఎక్కడని అడిగాను. మంచం మీద ఆయన అటు నుంచి ఇటు ఒత్తిగిలి, కూలరు లేకుండానే మళ్ళీ నిద్రలోకి పోయారు.

గేటు చప్పుడైంది. స్త్రీల సమాజం వాళ్ళెవరో వచ్చారు. అత్తయ్య చెప్పులు వేసుకుని ఎదురెళ్ళడం వినబడింది.

"కోడలు చదువుకుంటోందమ్మా" అంటోంది. "నాలుగింటికి రండి."